ఇసుకపై బండి, ఇసుకలో విడిది

మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతము యంత్రములకు పుట్టినిల్లు. జహీరాబాదునందు 2013వ సంవత్సరమున ప్రారంభింపబడిన మహీంద్రా కర్మాగారమున ట్రాక్టరులు తయారగుచున్నవి. ఎద్దుమైలారమునందలి ఆయుధ కర్మాగారమున 1980వ దశకమునుండి సైన్యముకొఱకు సారథ్ అను ఇనుప పట్టాల బండ్లు నిర్మింపబడుచున్నవి. ఇట్టి చోట పెరుగు బాలబాలికలకు బండియన్న మక్కువ కలుగుట వింత కాదు.

నేడు అనేక దేశములలో సెలవుదినముల వినోదముగా ఒక కొత్త అలవాటు ప్రబలియున్నది. కుటుంబమంతయు కలిసి, బాటలేని నేలపై, ముఖ్యముగా ఇసుక దిబ్బలపై బండి నడిపి, ఆ రాత్రి అచ్చటనే గుడారము వేసికొని గడపి, మఱునాడు తిరిగివత్తురు. దుబాయి, షార్జా, అబూధాబీ పట్టణములలో పనిచేయు తెలుగు కుటుంబములకు నవంబరు మొదలు మార్చి వఱకు గల చల్లని దినములలో బదాయర్, లహబాబ్, లివా మొదలగు ఎడారి భాగములకు పోవుట వాడుకయైనది. మన ఊళ్లలో అనేక కుటుంబములకు ఆ దేశములలో బంధువులు గలరు. వారు పంపు చిత్రములలో ఎఱ్ఱని ఇసుక కొండపై నిలిచిన బండిని, దాని ప్రక్కను నవ్వుచున్న పిల్లలను మనము చూచుచుందుము. ఆ చిత్రములలో కానరాని సంగతులను, అనగా ఇసుక బండిని ఏల మ్రింగునో, ఏల మోయునో, పిల్లలతో పోవువారు ఏ నియమములు పాటింపవలయునో, ఏ ఇసుకపై అసలే పోరాదో, ఈ వ్యాసమున వివరింప బూనితిమి.

ఇసుక దిబ్బ యనగా నేమి?

మన జిల్లాలో ఇసుక దిబ్బలు లేవు. మనకు గలవి నల్లరేగడి చేలు, జహీరాబాదు వైపున ఎఱ్ఱని జేగురు మెట్టలు, మంజీరా నదిలోని ఇసుక. నదిలోని ఇసుక నీరు తెచ్చి పఱచినది. దిబ్బలోని ఇసుక గాలి తెచ్చి పోసినది. నీరు గులకఱాళ్లను, ముతక ఇసుకను, ఒండ్రును కలిపి తెచ్చును. గాలి జల్లెడవలె పనిచేయును. దుమ్మును దూరముగా ఎగురగొట్టును. ఱాళ్లను కదలింపజాలక విడిచిపోవును. నడిమి పరిమాణముగల రేణువులను మాత్రము గంతులు వేయించుచు తీసికొనిపోయి, అడ్డు తగిలినచోట కుప్పవోయును. కావున దిబ్బలోని ఇసుక మెత్తగను, రేణువులు ఇంచుమించు ఒకే పరిమాణముగలవిగను ఉండును.

దిబ్బకు రెండు ముఖములు గలవు. గాలి వచ్చు వైపున వాలు మెల్లగా, 10 లేక 15 డిగ్రీలలో, పైకి సాగును. అవతలి వైపున ఇసుక తన బరువుకు తానే జాఱుచు సుమారు 32 మొదలు 34 డిగ్రీల నిటారు వాలుగా నిలుచును. ధాన్యపు కళ్లములో రాశి పోసినపుడు, ఎంత పోసినను ప్రక్కలు ఒకే వాలుగా జాఱుటను మీరు చూచియుందురు, ఇదియు నట్టిదే. మెల్లని వాలున ఇసుక గాలిచే అణగి గట్టిపడును. జాఱుడు ముఖమున వదులుగా నుండును. దిబ్బపై జరుగు ప్రమాదములలో అనేకములు ఈ రెండు ముఖముల భేదము తెలియకపోవుటవలన కలుగుచున్నవే.

తెలుగుదేశమునందును దిబ్బలు గలవు. అనంతపురము జిల్లాలో బొమ్మనహాళ్, కణేకల్లు మండలములలో హగరి అనబడు వేదవతి నది యొడ్డున గాలి పోసిన ఇసుక దిబ్బలు గలవు. సముద్రతీరమున పలుచోట్ల చిన్న దిబ్బలు గలవు. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ ప్రసిద్ధమైన ఎఱ్ఱమట్టి దిబ్బలు గలవు. వీనినిగూర్చి ముందు చెప్పెదము.

ఇసుక బరువును మోయు విధము

పొడి ఇసుక గట్టి వస్తువువలెను, నీటివలెను కూడ ప్రవర్తించును. పరుపుపై పడుకొన్నవానివలె బరువును విశాలముగా పఱచినచో మోయును. సూదివలె గ్రుచ్చినచో దారి యిచ్చును. బరువెంత యని ఇసుక అడుగదు. ఒక్కొక్క అంగుళముపై పడు బరువెంత యని మాత్రమే యడుగును.

దీనిని లెక్కలో చూతము. ఒక బండి బరువు 2,000 కిలోలు అనుకొందము. పక్కాబాటపై దాని టైరులలో చదరపు అంగుళమునకు 35 పౌనుల గాలి యొత్తిడి యుండును. అది చదరపు సెంటీమీటరునకు సుమారు 2.5 కిలోలు. 2,000ను 2.5చే భాగింపగా 800 వచ్చును. అనగా నాలుగు చక్రములును కలిసి నేలను తాకు వైశాల్యము సుమారు 800 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చక్రమునకు 200 మాత్రమే. పెద్దవాని చేయి పఱచినంత చోటుపై అర టన్ను బరువు నిలిచియున్నదన్నమాట. గాలిని 15 పౌనులకు తగ్గించినచో ఒత్తిడి సుమారు 1.05 కిలోలగును, ఒక్కొక్క చక్రము తాకు చోటు 475 చదరపు సెంటీమీటర్లకు పెరుగును. టైరు గోడల బిగువువలన నిజమైన అంకెలు కొంత మాఱును గాని మూలసూత్రము మాఱదు. గాలి తీసిన టైరు సాగి, ఒంటె పాదమువలె పఱచుకొనును. ఒంటె ఎడారిలో నడచుటకు కారణము దాని బలముకంటె దాని వెడల్పైన మెత్తని పాదమే.

ఎద్దుమైలారపు సారథ్ బండిని ఈ లెక్కకు తెత్తము. దాని బరువు సుమారు 14 టన్నులు, అనగా మన బండికి ఏడు రెట్లు. అయినను దాని రెండు పట్టాలును ఒక్కొక్కటి 30 సెంటీమీటర్ల వెడల్పున సుమారు మూడున్నర మీటర్ల పొడవున నేలను తాకుచుండును. మొత్తము 21,000 చదరపు సెంటీమీటర్లు. 14,000 కిలోలను దానిచే భాగింపగా సుమారు 0.67 వచ్చును. ఏడు రెట్లు బరువైన యుద్ధపు బండి, గాలి తీసిన జీపుకంటెను ఇసుకను తక్కువగా నొక్కుచున్నది! మన రైతులు వరిమడిలో దమ్ము చేయునపుడు ట్రాక్టరుకు వెడల్పైన ఇనుప చక్రములు తగిలించుటయు ఈ సూత్రమువలననే.

తడిసిన ఇసుక మఱియొక విధముగా గట్టిపడును. రేణువుల నడుమ చేరిన పలుచని నీటిపొర వానిని ఒకదాని కొకటి పట్టియుంచును. పిల్లలు తడి యిసుకతో పిచ్చుక గూళ్లు కట్టగలుగుట యందువలననే. కాబట్టి మంచు తడిగల ప్రాతఃకాలమున దిబ్బ కొంత గట్టిగా నుండి, మధ్యాహ్నపు టెండలో వదులగును.

ఈ విద్య నేర్పినవారు

ఎడారిలో మోటారుబండి నడుపు విద్యను క్రమముగా నేర్చి, లోకమునకు నేర్పినవారిలో రాల్ఫ్ బ్యాగ్నాల్డు అను ఆంగ్లేయ సైనిక ఇంజనీరు ముఖ్యుడు. ఆయన 1896లో జన్మించి 1990లో మరణించెను. 1920వ దశకపు చివరను, 1930వ దశకపు మొదటను ఆయన మిత్రులతో కలిసి సామాన్యమైన ఫోర్డు కార్లలో ఈజిప్టు, లిబియా దేశముల ఎడారులను దాటెను. అంతకు మునుపు ఆ మహా ఇసుక సముద్రము కార్లకు దాటరానిదని తలచెడివారు. ఆయన టైరులలో గాలి తగ్గించెను. కూరుకొన్న చక్రముల క్రింద పెట్టుటకు ఉక్కు పలకలను వెంట గొనిపోయెను. మఱుగుచున్న రేడియేటరునుండి వెడలు ఆవిరిని వ్యర్థము కానీయక, ఒక డబ్బాలోని నీటిలోనికి పంపి చల్లార్చి మరల వాడుకొనెను. దిక్సూచి బండి యినుమువలన తప్పు చూపుచుండుటచే, సూర్యుని నీడతో దిక్కు తెలిసికొను సాధనమును ఉపయోగించెను.

ఆయన దారి దాటుటతో తృప్తి చెందలేదు. ఇసుక ఏల కుప్పవడును, గాలి దాని నెట్లు కదలించును అని ప్రయోగములు చేసి 1941లో గొప్ప గ్రంథమును ప్రకటించెను. నేటికిని శాస్త్రజ్ఞులు దానిని చదువుచున్నారు. విహారమునకు పోయినవాడు విద్యార్థియై తిరిగివచ్చుట యన నిదియే.

దిబ్బపై బండి నడుపు క్రమము

ఇసుకకు తగిన బండి, నాలుగు చక్రములకును యంత్రబలము అందునట్టిది. అట్టి బండి యున్నను ఈ నియమములు తప్పవు.

ఒంటి బండితో ఎన్నడును పోరాదు. కనీసము రెండు, మేలైనచో మూడు బండ్లు కలిసి పోవలయును. పోవు చోటును, తిరిగివచ్చు వేళను ఇంటనున్నవారికి చెప్పి పోవలయును. ఇసుక మొదలగు చోటనే ఆగి టైరుల గాలి తగ్గింపవలయును; మరల పక్కాబాట నెక్కుటకు మునుపు గాలి నింపవలయును. గాలి తగ్గిన టైరుతో బాటపై వేగముగా పోయినచో అది వేడెక్కి పగులును.

దిబ్బను నిటారుగా ఎక్కి నిటారుగా దిగవలయును. వాలున అడ్డముగా పోవు బండి ప్రక్కకు జాఱి బోర్లపడును. శిఖరము చేరునపుడు వేగము తగ్గించి, అవతల నేమున్నదో చూచిన పిమ్మటనే దిగవలయును. ఆవలి వైపున జాఱుడు ముఖమో, నిలిచియున్న మఱియొక బండియో, ఆడుకొనుచున్న పిల్లలో ఉండవచ్చును. శిఖరమును గంతువేసి దాటుట నేర్పరితనము కాదు, గ్రుడ్డితనము. నిలుపవలసివచ్చినపుడు బండి ముఖము పల్లమువైపు ఉండునట్లు నిలుపుట మంచిది. మరల కదలుటకు దాని బరువే తోడ్పడును.

చక్రము తిరుగుచు బండి కదలనపుడు వెంటనే యంత్రపు వేగము తగ్గింపవలయును. ఇంకను త్రొక్కినకొలది చక్రము తన గోతిని తానే త్రవ్వుకొనును. అప్పుడు దిగి, పారతో చక్రముల ముందరి ఇసుక తీసి, పలకలు పెట్టి, గాలి మఱికొంత తగ్గించి, మెల్లగా వెనుకకు వచ్చుటకు యత్నింపవలయును. త్రాడుతో లాగవలసివచ్చినచో పిల్లలును, చూచువారును త్రాడు పొడవునకు మించిన దూరమున నిలువవలయును. బిగిసిన త్రాడు తెగినచో ప్రాణము తీయగలదు.

బాలురును చిన్న బండ్లును

నాలుగు లావు చక్రములుండి మోటారు సైకిలువలె చేతులతో త్రిప్పబడు చిన్న బండ్లు విహారస్థలములలో అద్దెకు దొరకును. బొమ్మలవలె కానవచ్చుటచే తల్లిదండ్రులు వీనికి వెఱవరు. వెఱవవలసినది వీనికే. ఇవి పొట్టివి, ఎత్తైనవి, బరువైనవి. వాలుపై సులభముగా బోర్లపడి నడుపువానిపైననే పడును. మూడు చక్రములుగల రకము మఱింత అపాయకరమగుటచే 1988లో అమెరికా దేశమున దాని అమ్మకము నిలిపివేయబడెను. 16 ఏండ్లలోపు పిల్లలు ఈ బండ్లను నడుపరాదని ఆ దేశపు పిల్లల వైద్యుల సంఘము బోధించుచున్నది.

బండిపై ఒక పీట యున్నచో ఒక్కడే కూర్చుండవలయును. తండ్రి ముందు పసివానిని కూర్చుండబెట్టుకొనుట ప్రేమ కావచ్చును గాని రక్షణ కాదు. శిరస్త్రాణము, కండ్లకు అద్దములు, కాళ్లకు బూట్లు తప్పనిసరి. అమెరికాలోని కాలిఫోర్నియా ఇసుక దిబ్బలపై తిరుగు ప్రతి బండికిని 8 అడుగుల ఎత్తున జెండా కట్టవలయునని శాసనము గలదు. దిబ్బ అవతలనున్నవానికి బండి కనబడకున్నను జెండా కనబడును. అల్పమైన యుక్తియే గాని, ఎన్నియో ప్రాణములను కాపాడును.

మన దేశమున కారు నడుపు అనుమతికి 18 ఏండ్లు నిండవలయును. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, మైనరు బాలుడు బండి నడిపి నేరము చేసినచో అతని సంరక్షకుడును, బండి యజమానియు శిక్షార్హులగుదురు. ఇసుకలో ఎవరును చూడరుగదా యను తలంపు వలదు. అపాయము చూచుచునే యుండును.

గుడారము వేయు విధము

దిబ్బల నడుమ విడిది చేయువారు మూడు స్థలములను విడువవలయును. దిబ్బ శిఖరమున గాలి మిక్కుటము. జాఱుడు ముఖము క్రింద రాత్రి వచ్చు బండివాడు చూడక దిగవచ్చును. మూడవది ఎండిన వాగు. ఎడారిలో వాన యెక్కడిదని అనుకొనరాదు. 2024 ఏప్రిలు 16వ తేదీ ప్రాంతమున అరబ్బు ఎమిరేట్లలో అల్ ఐన్ సమీపమున ఒక్క దినము లోపల 254.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. ఆ దేశమున ఏడాది మొత్తమున సగటున పడునది సుమారు 100 మిల్లీమీటర్లే. వాన ఎచ్చటనో పడి, వాగు ఇచ్చటికి వచ్చును.

ఇసుకలో గుడారపు మేకులు నిలువవు. ఒక సంచిలో ఇసుక నింపి, త్రాడు కట్టి, మోచేతి లోతున పాతిపెట్టినచో గాలికి చలింపదు. మనిషికి దినమునకు 5 లీటర్ల నీరు చొప్పున లెక్కించి, అదనముగా మఱియొక దినమునకు సరిపడునంత తీసికొనిపోవలయును. పగటి యెండను చూచి మోసపోరాదు. రాత్రి మిక్కిలి చలిగా నుండును. ఉన్నిబట్టలు అవసరము.

చలికి బొగ్గుల కుంపటిని గుడారములోనికి తెచ్చుట మహాపాయము. దానినుండి వెడలు కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. నిప్పులను ఇసుకతో కప్పివేయుటయు తప్పే. పైన చల్లగా నున్నను లోపల గంటల కొలది వేడి నిలిచియుండును. ఉదయమున వట్టికాళ్లతో పరుగెత్తు బిడ్డ ఆ నిప్పుల పైననే అడుగుపెట్టును. నీళ్లు పోసి, కలిపి, మరల పోసి, చల్లాఱిన పిమ్మట మూటగట్టి తీసికొనిరావలయును. తేళ్లు, చిన్నపింజరి పాములు రాత్రివేళ సంచరించును. కావున బూట్లను దులుపక తొడుగరాదు. దీపము లేక నడువరాదు.

ఈ శ్రమలన్నియు చెప్పి వెఱపించుట మా యుద్దేశము కాదు. పట్టణపు దీపములకు దూరముగా, ఇసుకపై వెల్లకిల పరుండి నక్షత్రములను చూచిన బిడ్డ ఆ రాత్రిని మఱవడు. అమ్మయు, నాన్నయు, అన్నదమ్ములును వేఱు పనులు లేక ఒకే దీపము చుట్టును కూర్చుండుట నేటి యిండ్లలో దుర్లభమైన భాగ్యము.

పోరాని ఇసుక

ఇక ముఖ్యమైన సంగతి. ఇసుక యంతయు పాడునేల యని తలచుట గొప్ప పొరపాటు.

మనకు చేరువనున్న మంజీరా ఇసుకపై బండి నడుపరాదు. సంగారెడ్డి సమీపమున నదిలో కొంత భాగము 1978లో వన్యప్రాణులకు అభయారణ్యముగా ప్రకటింపబడినది. అచ్చటి మొసళ్లు ఇసుకలో గోతులు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. ఆ నీరే హైదరాబాదు ప్రజలకు త్రాగునీరుగా పోయినది. పైన సింగూరు ఆనకట్ట కలదు. తలుపులు తెఱచినపుడు నదిలో గుడారము వేసినవాని గతి చెప్పనక్కఱ లేదు.

సముద్రతీరమున చలికాలపు చివర తాబేళ్లు వచ్చి, ఇసుకలో ఒక్కొక్కటి సుమారు నూఱు గ్రుడ్లు పెట్టిపోవును. బండి చక్రము ఆ గూటిని అణచివేయును. పుట్టిన పిల్లలు చక్రపు చాలులో పడి సముద్రము చేరజాలవు. భీమునిపట్టణపు ఎఱ్ఱమట్టి దిబ్బలు వేలకొలది యేండ్ల వాతావరణ చరిత్రను తమ పొరలలో దాచుకొన్నవి. జాతీయ భూవారసత్వ స్థలముగా గౌరవింపబడిన అవి 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలోను చేరినవి. అచ్చట కాలినడకయే మర్యాద.

హగరి యొడ్డు దిబ్బల సంగతి మఱియొకటి. జూను మొదలు ఆగస్టు వఱకు వీచు నైరృతి గాలికి ఆ యిసుక లేచి రైతుల చేలపై పడును. దానిని నిలిపియుంచునవి గడ్డి వేళ్లును, పొదలును మాత్రమే. ఒక బండి ఒక మాఱు త్రొక్కిన గడ్డి మరల మొలచుటకు చాలకాలము పట్టును. ఈలోపల గాలి ఆ గాయములోనుండి ఇసుక నెత్తి, ఒక కుటుంబము తిండి పండించుకొను నేలపై పోయును. మనకు అరగంట వినోదము, వారికి ఏడాది అన్నము.

కావున ఈ వినోదము కోరువారు బండ్లకై ప్రభుత్వము విడిచిన స్థలములకే, అచ్చటి అనుమతితో, ముందు పోయిన బండ్ల జాడలలోనే పోవలయును. తెచ్చిన ప్రతి వస్తువును తిరిగి తీసికొనిరావలయును.

బాలబాలికలారా! ఇసుక నేర్పు పాఠము చిన్నది. బరువును పఱచి, మెల్లగా, తేలికగా వచ్చినవానిని అది మోయును. బిగిసిన చక్రముతో, గర్వముతో త్రొక్కినవానిని దింపివేయును. మీరు రేపు మన ప్రాంతపు కర్మాగారములలో బండ్లు చేయువారగుదురు. కొందఱు దూరదేశముల ఎడారులలో వానిని నడుపువారగుదురు. బండి చేయుటకు బలమెంత అవసరమో, నడుపుటకు నెమ్మది యంత అవసరమని మఱవకుడు. దిబ్బపై మీరు విడిచివచ్చు గుర్తు, మఱునాటి గాలికి చెఱిగిపోవు చక్రపు జాడ మాత్రమే కావలయును.